పలుచేతుల బొంత

మన పల్లెలలో బిడ్డ పుట్టిన వెంటనే క్రొత్తబట్టలో చుట్టరు. తల్లి కట్టి విడిచిన పాతచీరనో, అమ్మమ్మ దాచియుంచిన మెత్తని పంచెముక్కనో తెచ్చి పొత్తిళ్లలో పెట్టుదురు. క్రొత్తబట్టకు గంజి యుండును. పసివాని యొడలు దానిని ఓర్వదు. పదియేండ్లు చాకిరేవున నలిగిన నూలుగుడ్డకు వచ్చు మెత్తదనము ఏ యంగడిలోను వెలకు దొరకదు. అట్టి పాతగుడ్డలనే పొరలు పొరలుగా పఱచి, అంచునుండి అంచుదాక దారము నడిపి కుట్టినచో బొంత యగును. బొంతమీద పండుకొనని వారు మనలో అరుదు. అయినను ఆ మాటకు మన భాషలో మర్యాద తక్కువ. పొందికలేని రచనను, నిలుకడలేని మంత్రివర్గమును 'అతుకుల బొంత' యని యెగతాళి చేయుదుము. సంస్కృతమున కంథ యనినను బైరాగి భుజమున వ్రేలాడునదియే మనకు తోచును.

పెద్దలారా, నేడు నేను మనవి చేయదలచినది ఈ బొంతకు గౌరవము కలిగిన కొన్ని సందర్భములను గూర్చి. అందులోను ఒక్క విధమగు బొంతను గూర్చి. ఒక్కరే కూర్చుండి కుట్టునది కాక, పలువురు తలకొక చదరము కుట్టి, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకొని, తాము మొగమైన ఎఱుగని యొక బిడ్డకై కూర్చి పంపునట్టిది. ఇది ముఖ్యముగా అమెరికా, కెనడా, ఇంగ్లండు దేశముల చరిత్ర. కాని మన ముంగిటనుండి బయలుదేరి అక్కడికి పోవు త్రోవ యొకటి యున్నది. ఆ త్రోవనే పోయెదను.

అతుకును అవమానముగా నెంచని సంప్రదాయము మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. బౌద్ధుల వినయపిటకమున మహావగ్గమను భాగములో ఒక వృత్తాంతము కలదు. బుద్ధుడు రాజగృహమునుండి దక్షిణగిరికి పోవుచు, త్రోవలో మగధదేశపు వరిమళ్లను చూచెను. పొడవుగట్లు, అడ్డుగట్లు, గట్లు కలియు కూడలులు. అంతట ఆనందుని పిలిచి, భిక్షువుల చీవరములను ఈ మళ్లవలె కూర్పగలవా యని అడిగెను. ఆనందుడు అట్లే కూర్చి చూపెను, బుద్ధుడు మెచ్చెను. నాటినుండి భిక్షువు ధరించు వస్త్రము ముక్కలు కూర్చి కుట్టినదియే. ముక్కలైన గుడ్డను దొంగయు ఆశింపడు గదా! మన అమరావతిలోను, నాగార్జునకొండలోను వసించిన భిక్షువులకును ఇదియే నియమము. వరిమడిని చూచి వస్త్రమును కల్పించిన ఈ కథ సేద్యగాండ్రకు నచ్చవలసినదే.

చీనాదేశమున బిడ్డలకై ఒక ఆచార మున్నది. ఇంట బిడ్డ కలిగినపుడు నూఱు ఇండ్లనుండి ఇంటికొక గుడ్డపీలిక అడిగి తెచ్చి, చొక్కాయగనో బొంతగనో కుట్టి కప్పుదురు. దానిని నూఱిండ్ల వస్త్రమందురు. నూఱిండ్లవారి దీవెన కలిసి బిడ్డను కాపాడునని వారి నమ్మకము. గుడ్డ అడుగుటకు పోయినవాడు అచట బిచ్చగాడు కాడు. ఇచ్చిన ఇల్లును ఏమియు కోల్పోలేదు.

ఇక మన తీరమునకు వత్తము. ఇంగ్లీషు వర్తకులు 1611లో మచిలీపట్టణమున తమ వర్తకస్థానమును నెలకొల్పిరి. అచటినుండియు, ఈ తీరమున ఇతర రేవులనుండియు ఓడలకెక్కిన సరకులలో అద్దకపు బట్టలు ముఖ్యములు. చిరివేరుతో ఎఱ్ఱరంగు, నీలితో నీలము, కలముతో వ్రాసిన పూవులు, తీగెలు. మన అద్దకపువారి రంగు ఉతికినకొలది తేరునే కాని వెలిసిపోదు. ఈ గుణము సీమలో అద్భుతముగా కనబడెను. దొరసానులు వీనిని పఱుపులపై కప్పుకొనిరి, తెఱలుగా కట్టుకొనిరి, గౌనులుగా కుట్టించుకొనిరి. అచటి పట్టు, ఉన్ని నేతవారికి కడుపు మండెను. వారి గోల పడలేక పార్లమెంటువారు 1700లో చట్టము చేసి రంగుబట్టల దిగుమతిని ఆపిరి. 1721లో మఱియొక చట్టము చేసి వాడుకనుగూడ నిషేధించిరి. ఫ్రాన్సుదేశమున 1686 నుండి 1759 వఱకు ఇట్టి నిషేధమే అమలులో నుండెను. నిషేధింపబడిన వస్తువు మఱింత ముద్దు వచ్చుట లోకసహజము. చినిగిన అద్దకపు బట్టనుగూడ పాఱవేయక, అందలి పూవులను, పక్షులను కత్తిరించి వేఱొక తెల్లగుడ్డపై అంటించి కుట్టుట అలవాటయ్యెను. ఇంగ్లండులోని లెవెన్సు హాల్ అను భవనమున ఒక ప్రాచీనమైన అతుకుల బొంత కలదు. అది 1708 ప్రాంతమున కుట్టినదని ఆ యింటి వాడుక. అందలి ముక్కలు హిందూదేశపు అద్దకపు గుడ్డలు. సీమవారి అతుకుల బొంతలలో మొదటి వరుసకు చెందిన బొంత మన దేశపు గుడ్డతో పుట్టినదనుట నాకు సంతోషము కలిగించిన సంగతి. ఆ సంతోషమును దాచుకొనను.

అమెరికా బొంతలను గూర్చి చెప్పువారు తఱచుగా ఒక పొరపాటు చేయుదురు. అడవులు నఱకి గుడిసెలు కట్టుకొన్న తొలినాటి వలసకాపులు గుడ్డకఱవుచే చింకిపాతలను అతికి బొంతలు కుట్టిరనియు, అదియే ఈ విద్యకు మూలమనియు చెప్పుదురు. కథ బాగున్నది, చరిత్ర వేఱు. చదరములుగా కుట్టి కూర్చు బొంత అచట బహుళముగా వ్యాపించినది 1830, 1840ల నాటికి. 1820ల నుండి మసాచుసెట్సు రాష్ట్రమున లోవెల్ మొదలగు ఊళ్లలో నూలుమిల్లులు లేచినవి. పూలగుడ్డ చౌక యయ్యెను. సామాన్యపు కాపుయింటి ఆడుపడుచు సయితము నాలుగు రంగుల గుడ్డ కొనగలిగెను. అనగా ఆ బొంత లేమినుండి పుట్టినది కాదు, గుడ్డ చౌక యగుటనుండి పుట్టినది. ఆ చౌకతనమునకు వెల ఎవరు చెల్లించిరో ముందు చెప్పెదను.

ఈ చదరమును వారు బ్లాకు అందురు. చిన్నచిన్న ముక్కలను నక్షత్రముగనో, చక్రముగనో, తొమ్మిదిగడులుగనో కుట్టి, ప్రక్క ఒక్కటింటికి 12 అంగుళముల చదరముగా తేల్చుదురు. ఈ పని ఒడిలో పెట్టుకొని చేయదగినది. పఱచుకొనుటకు చావడి అక్కఱలేదు. కవరులో పెట్టి టపాలో పంపవచ్చును. ఇచ్చిపుచ్చుకొనుటకు వీలైనది అందుచేతనే. లెక్క వినుడు. 12 మంది స్త్రీలు ఒక జట్టుగా చేరిరనుకొనుడు. ప్రతియొకతెయు తన కిష్టమైన నమూనాలో 12 చదరములు కుట్టును. ఒకటి తన యొద్ద నుంచుకొని తక్కిన 11 చదరములను తక్కిన 11 మందికి పంచును. మొత్తము 144 చదరములు. అడ్డమునకు మూడు, నిలువునకు నాలుగు చొప్పున కూర్చినచో 36 అంగుళముల వెడల్పు, 48 అంగుళముల పొడవు గల పిల్లల బొంతలు 12 తేలును. ఎవరి బొంతను వారే కుట్టుకొన్నను తేలునవి 12 బొంతలే గదా, ఈ త్రిప్పట ఎందుకని మీరడుగవచ్చును. నేనును మొదట అట్లే అడిగితిని. భేద మేమనగా, ఇట్లు కూర్చిన ప్రతి బొంతలోను పండ్రెండుగురి చేయియు నుండును. ఏ బొంత ఏ బిడ్డకు పోయినను పండ్రెండుగురును ఇచ్చినట్లే. తన బొంత గొప్పదని ఒకతె చెప్పుకొనుటకు తావులేదు. తనది చెడినదని సిగ్గుపడుటకును తావులేదు.

చిక్కు లేకపోలేదు. కుట్టు అంచునకు నలుదెసల పావు అంగుళము విడువవలెను. ఒకతె కొంచెము ఎక్కువ, మఱియొకతె కొంచెము తక్కువ విడుచును. ఒక్కొక్క చదరము అంగుళములో ఎనిమిదవ వంతు పెరిగినను, నాలుగు చదరముల వరుస అర అంగుళము పెరుగును. ప్రక్కవరుసతో పొసగదు, బొంత బొబ్బలెక్కును. ఒకరి గుడ్డ ముందే ఉతికి ఆరవేసినది, మఱియొకరిది కానిది యైనచో, మొదటి ఉతుకునకే ఒకటి ముడుచుకొని రెండవది సాగియుండును. ఎఱుపు కాఱి తెలుపునకు అంటును. కావున జట్టులో చేరకముందే గుడ్డ ఏది, కొలత ఏది, ఉతుకుట ఎప్పుడు అని కట్టుబాటు చేసికొందురు. పదిమంది కలిసి చెఱువుకట్ట వేయునపుడు మట్టి ఎన్ని తట్టలని ముందు తేల్చుకొనుట వంటిదే.

1840లలో ఈ చదరములపై పేర్లు వ్రాయుట అమెరికాలో పెద్ద వేడుక యయ్యెను. గుడ్డను కొఱుకని, ఉతికినను పోని సిరా అప్పటికి అంగళ్లలో దొరకుచుండెను. కుటుంబములు పడమటి నేలలను వెదకుకొనుచు బండ్లు కట్టుకొని పోవుచుండిన కాలమది. పోయినవారు మఱల వత్తురన్న ఆశ తక్కువ. చెల్లెలు, మేనత్త, చర్చిలో ప్రక్కబల్లపై కూర్చుండు స్నేహితురాలు తలకొక చదరముపై తమ పేరు వ్రాసి యిచ్చెడివారు. బాల్టిమోరు నగరమున 1840ల చివర కుట్టిన ఇట్టి బొంతలు పనితనమునకు పెట్టినపేరు.

బొంతను ధర్మకార్యమునకు త్రిప్పిన తొలి ఉదాహరణములలో నా మనస్సును ఎక్కువగా పట్టినది ఊయెలబొంత యొకటి. 1836 డిసెంబరులో బోస్టను నగరమున బానిసత్వమును వ్యతిరేకించు స్త్రీలు ఒక సంత జరపిరి. తాము చేతితో చేసిన వస్తువులను అమ్మి, ఆ సొమ్మును తమ ఉద్యమమునకు వినియోగించుట వారి పద్ధతి. అందులో నక్షత్రపు చదరములతో కూర్చిన చిన్న ఊయెలబొంత యుండెను. లిడియా మరియా చైల్డు అను ప్రసిద్ధ రచయిత్రి దానిని కుట్టినదని చెప్పుదురు. నడిమి నక్షత్రముపై సిరాతో కొన్ని పద్యపంక్తులు వ్రాసియున్నవి. వాని భావ మిది: తల్లీ, నీ బిడ్డను కౌగిట చేర్చుకొన్నప్పుడు, కృతజ్ఞతతో దేవునివైపు కన్నులెత్తునప్పుడు, బిడ్డను లాగికొనిపోయి అమ్మివేయగా మిగిలిన బానిసతల్లిని తలచుకొని, ఆమెకై ప్రార్థింపుము. ఆ బొంత అయిదు డాలర్లకు అమ్ముడుపోయెను. ఇప్పటికిని నశింపక న్యూ ఇంగ్లండు ప్రాంతపు పురావస్తువులను కాపాడు సంస్థ వారి యొద్ద నున్నది.

బానిసతల్లి బిడ్డ అంగట అమ్ముడుపోవుట కవి కల్పన కాదు. 1808లో ఆఫ్రికానుండి క్రొత్త బానిసలను తెచ్చుట చట్టముచే నిలిచిపోయెను. అటుపిమ్మట దక్షిణ రాష్ట్రములలో పత్తితోటలు పెరిగినకొలది, ఉన్న బానిసల బిడ్డలనే ఒకచోటినుండి మఱియొకచోటికి అమ్ముట పెద్ద వర్తక మయ్యెను. 1860 జనాభాలెక్కలనాటికి ఆ దేశమున బానిసలు ఇంచుమించు 40 లక్షలమంది. ఇప్పుడు గుడ్డ చౌకతనమునకు వెల చెల్లించినవారెవరో మీకు తెలిసినది. లోవెల్ మిల్లులు నేసిన నూలు ఈ బానిసలు ఏఱిన పత్తిదే. బానిసతల్లికై ప్రార్థింపుమని వ్రాసిన ఆ బొంత గుడ్డయు బహుశః ఆ తల్లి ఏఱిన పత్తియే యైయుండును. ఉద్యమకారులలో కొందఱు ఈ సంగతి నెఱిగి, బానిసలు పండించిన పత్తిని, చక్కెరను ముట్టమని పట్టుపట్టిరి; స్వేచ్ఛాజీవుల పత్తితో నేసిన గుడ్డకై ప్రత్యేకముగా అంగళ్లు తెఱచిరి. ఆ గుడ్డ ముతక, వెల హెచ్చు, అంగళ్లు నిలువలేదు. ఖద్దరు నాటి రోజులను ఎఱిగిన యిండ్లవారికి దీనిని వివరింప నక్కఱలేదు. మచిలీపట్టణపు అద్దకపువానిని, మన మగ్గపువానిని పడగొట్టిన సీమమిల్లు గుడ్డకును ముడిసరకు ఎక్కువగా అమెరికా దక్షిణపు పత్తియే. ఒక్క పత్తికాయ మూడు ఖండముల కొంపలను తాకినది.

1861లో ఉత్తర, దక్షిణ రాష్ట్రములకు యుద్ధము వచ్చెను. గాయపడిన సైనికులకు సాయపడుటకు ఉత్తరమున శానిటరీ కమిషను ఏర్పడెను. దాని పిలుపునకు ఊరూర స్త్రీలు కుట్టిన బొంతలు, కంబళ్లు రెండున్నర లక్షలని అంచనా. మంచమునకు సరిపోవు ఇఱుకు బొంతలు. వానిలో నేటికి మిగిలినవి వ్రేళ్లపై లెక్కింపదగినన్ని. తక్కినవి వాడుకలో చినిగినవి. కొన్నింటిలో చుట్టి శవములను పూడ్చిరి. మిగిలినవానిలో ఒకటి మేయిన్ రాష్ట్రమున అగస్టా అను ఊరిది. ఆదివారపు బడిలో పాఠములు చెప్పు సుసన్నా పుల్లెన్ అను నామెయు, ఆమె శిష్యురాండ్రును 1863లో కుట్టిరి. తెల్లని నడిమి ముక్కలపై బైబిలు సూక్తులు, హితవులు, పొడుపుకథలు వ్రాసిరి. మంచముపై కదలలేక పడియున్నవానికి ప్రొద్దు గడవవలె గదా! తమ పేర్లను వ్రాసి, బొంత ఎచటికి చేరినదో ఒక్క జాబు వ్రాయుడు, తప్పక బదులు వ్రాసెదమని కోరిరి. రెండు జాబులు వచ్చినవి. వాషింగ్టను నగరపు సైనిక వైద్యశాలనుండి గాయపడిన సైనికుడొకడు వ్రాసెను. ఆ జాబులతోకూడ బొంత యిప్పుడు స్మిత్‌సోనియన్ వారి మ్యూజియమున నున్నది.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున రెడ్‌క్రాసు సంఘమునకై పేర్లబొంతలు కుట్టుట ప్రబలెను. పేరు కుట్టించుకొనుటకు ఇంత యని చందా. 1917 డిసెంబరున అమెరికాలో ఒక స్త్రీల పత్రిక ఒక్క బొంతతో వేయి డాలర్లు కూర్చు విధమును ప్రకటించెను. అది లెక్కకు బాగున్నది. నాకు మాత్రము బొంతపై చందాదారుల పట్టీ చదువుట అంత రుచింపలేదు.

రెండవ యుద్ధమున సంగతి వేఱు. 1939 సెప్టెంబరు 1వ తేదినుండి ఇంగ్లండు ప్రభుత్వము బాంబుల భయముచే నగరములలోని పిల్లలను పల్లెలకు తరలించెను. మొదటి కొలది దినములలో కదలిన 15 లక్షలమందిలో సగమునకు మించి బడిపిల్లలు. మెడలో పేరుచీటీ, చేతిలో మూట. ఎవరి యింట దిగుదురో వారికే తెలియదు. 1940 సెప్టెంబరు 7వ తేదినుండి లండనుపై రాత్రులవెంబడి బాంబులు పడినవి. ఇండ్లు కూలినవారికి పక్కబట్టలు కావలసివచ్చెను. కెనడా స్త్రీలు రెడ్‌క్రాసు ద్వారా బొంతలు పంపిరి. ఆ యుద్ధకాలమున వారు పంపినవి నాలుగు లక్షల దాక నుండునని అంచనా. చర్చి మండళ్లు, 1897లో ఒంటారియోలోని స్టోనీ క్రీకు అను పల్లెలో పుట్టి దేశమంతట వ్యాపించిన పల్లె స్త్రీల సంఘములు ఈ పనికి పూనుకొనినవి. చలికాలమున పొలము మంచుక్రింద నుండగా ఇంటింట చదరములు తయారగును. వారమున కొకనాడు ఒక చోట చేరి కూర్తురు. మగవారి పాతకోటు గుడ్డ, గౌను కోతలో మిగిలిన పీలిక, పిండిసంచి. ఏది దొరకిన నదియే. వెనుకవైపు ఒక చిన్న గుడ్డచీటీ: ఇది కెనడా రెడ్‌క్రాసు వారి కానుక యని. కుట్టినవారి పేరు సాధారణముగా ఉండదు. బాంబులలో ఇల్లు పోయిన బిడ్డ ఆ బొంతను కప్పుకొని పెరిగి, ముసలితనమున దానిని మ్యూజియమునకిచ్చిన సందర్భములును కలవు.

ఆ యుద్ధముననే సింగపూరున జరిగిన సంగతి చెప్పెదను. 1942 ఫిబ్రవరి 15వ తేదిని ఆ పట్టణము జపానువారి వశమయ్యెను. మార్చిలో అచటి యూరోపియను పౌరులను చాంగీ చెఱసాలకు నడిపించిరి. ఆఱు వందల ఖైదీలకై కట్టిన ఆ చెఱసాలలో రెండువేలమందికి పైగా నుంచిరి. అందులో స్త్రీలు, బిడ్డలు సుమారు నాలుగు వందలు. మగవారు ఒక భాగమున, ఆడువారు వేఱొక భాగమున. భర్త బ్రతికియున్నాడో లేడో భార్యకు తెలియదు.

ఎలిజబెత్ ఎన్నిస్ అను నర్సు అచట చిక్కుకొనిన బాలికలను చేర్చి గైడుల దళముగా ఏర్పఱచెను. వారు ఇరువదిమంది, ఎనిమిదినుండి పదునాఱేండ్లవారు. వారమున కొకసారి చెఱసాల ఆవరణమున ఒక మూల చేరెడివారు. తమ నాయకురాలి పుట్టినరోజునకు ఏమైన ఇయ్యవలెనని పిల్లలు తలచిరి. కొనుటకు అంగడి లేదు, అంగడి యున్నను డబ్బు లేదు. ఎక్కడెక్కడివో గుడ్డపీలికలు ఏఱి, ఆఱుకోణముల ముక్కలుగా కత్తిరించి, ఆఱు ముక్కలు చుట్టును, ఒకటి నడుమను చేర్చి పూవులుగా కుట్టిరి. దారము పాతబట్టల కుట్లు విప్పి తీసినది. నడిమి ముక్కలపై తమ పేర్లు కుట్టిరి. ఆమెకు తెలియకుండ, కావలివారి కంట పడకుండ ఈ పని సాగెను. ఆకలిగొన్న బిడ్డలు పెద్దవారికై కుట్టిన బొంత యిది. మనము ముచ్చటించుకొనుచున్న ధర్మమును తలక్రిందులు చేసిన బొంత. లండనులోని యుద్ధవస్తు మ్యూజియమున దానిని చూడవచ్చును.

దానిని చూచియే ఎథెల్ మల్వనీ అను కెనడాదేశపు స్త్రీ పెద్దలచేతను ఇట్టి పని చేయించెనని చెప్పుదురు. ప్రతి స్త్రీకి ఒక చదరపు గుడ్డ నిచ్చి, అందు తన పేరును, తనకు సంబంధించిన యేదైన గుర్తును కుట్టుమని కోరెను. 66 చదరముల చొప్పున మూడు బొంతలైనవి. ఒకటి గాయపడిన బ్రిటిషు సైనికులకు, ఒకటి ఆస్ట్రేలియావారికి, మూడవది గాయపడిన జపాను సైనికులకు. చెఱబెట్టినవారికే బొంత కుట్టుట ఔదార్యమా, ఉపాయమా యని తర్కించినవారు కలరు. మూడవది యుండుటచేతనే తక్కిన రెండింటికిని గడప దాట అనుమతి దొరకెనని కొందఱి అభిప్రాయము. నా మట్టునకు రెండును కలిసి యుండరాదా యని తోచును. ఆ బొంతలు చేరిన ఆసుపత్రులలో మగవారు చదరము చదరము వెదకి తమవారి పేర్లను చదువుకొనిరి. పేరు కనబడినచో ఆ చేయి బ్రతికియున్నట్లు. ఆస్ట్రేలియావారి బొంత వెనుక, యుద్ధము ముగిసిన పిమ్మట దీనిని ఆస్ట్రేలియా రెడ్‌క్రాసు వారికి చేర్పుడని వ్రాసియున్నది. దాని క్రిందనే, దీనిని నీట ఉతుకక పొడిపద్ధతిని శుభ్రము చేయుట మంచిదనియు వ్రాసియున్నది. త్రాగుటకు నీరు కొలిచి యిచ్చు చెఱలో కూర్చుండి, ఎప్పటికో విడుదలయైన బొంతను చాకలి ఎట్లు ఉతుకవలెనో ఆలోచించిరి! గృహిణి బుద్ధి యెక్కడికి పోవును?

ఈ మల్వనీయే ఆకలితో నున్న తోటి స్త్రీలు జ్ఞాపకమునుండి చెప్పిన వంటకములను వ్రాసికొని, యుద్ధానంతరము 1946లో పుస్తకముగా అచ్చువేయించి, ఆ సొమ్ముతో ఆసుపత్రులలో నున్న మాజీ ఖైదీలకు సాయపడెను. అది వేఱొక ఉపన్యాసమునకు తగిన కథ.

తరువాతి కాలమున ఈ ధర్మము పిల్లలవైపే తిరిగెను. 1988లో న్యూ హాంప్‌షైరు రాష్ట్రమున ఒక వృద్ధురాలు, ఎయిడ్సు వ్యాధితో పుట్టి, ఎత్తుకొనువారు లేక ఆసుపత్రులలో పడియున్న పసివారికై ఊయెలబొంతలు కుట్టించుట మొదలుపెట్టెను. ఆ రోగమునకు జనులు భయపడి తాకుట మానిన రోజులవి. 1995లో కొలరాడో రాష్ట్రమున ప్రాజెక్టు లైనస్ అను సంస్థ పుట్టెను. ఎప్పుడును దుప్పటి విడువని యొక హాస్యచిత్రపు బాలుని పేరు అది. ఇట్టి పనులకు పూనువారు చింకిపాతలను అంగీకరింపరు. క్రొత్తదో, శుభ్రమైనదో కావలెను. ఆసుపత్రి ఉతుకునకు నిలువవలెను. పసివారు నోట పెట్టుకొందురు గనుక గుండీలు, పూసలు కుట్టరాదు. మనకు పనికిరానిది కాక, బిడ్డకు పనికివచ్చునది ఇయ్యవలెనన్న మాట.

ఇవన్నియు చదివి మా యింట చెప్పగా, మా చెల్లెలు వీధిలో పండ్రెండిండ్లకు చెప్పి ఇంటికొక చదరము కుట్టించెను. జిల్లా ఆసుపత్రిలోని పిల్లల వార్డునకని సంకల్పము. కొలతబద్ద పంపినను ఒకరు జేనతోనే కొలిచిరి. ఆ చదరమును విప్పి మరల కుట్టవలసివచ్చెను. అది చిన్న సంగతి. పండ్రెండవ చదరము వచ్చినపుడు అసలు చిక్కు పుట్టెను. దానిని పంపిన తల్లి రెండేండ్లక్రింద తన కొడుకును పోగొట్టుకొన్నది. చదరపు గుడ్డ ఆ పిల్లవాని చొక్కాయిది. ఉతికి, మడతపెట్టి, నీలిదారముతో అంచు కుట్టి పంపెను. పోయిన బిడ్డ గుడ్డను రోగముతో నున్న బిడ్డకు కప్పవచ్చునా? వీధిలో రెండు పక్షములైనవి. అశుభమని కొందఱు; ఆమెకు త్రిప్పి పంపుట అంతకంటె పాపమని కొందఱు. గుడ్డను పెట్టెలో దాచి వేఱొకటి కుట్టి చేర్చుదము, ఆమెకు తెలియదు గదా యని ఒకరు. చివరకు మా చెల్లెలు నా యొద్దకు తెచ్చెను. నేను శాస్త్రము చెప్పజాలనంటిని. బోస్టను ఊయెలబొంత నడుమ వ్రాసిన మాట అమ్ముడుపోయిన బిడ్డను గూర్చినదనియు, దానిని కొన్నవారు తెలిసియే కొనిరనియు మాత్రము చెప్పితిని.

ఆమె కొంతసేపు ఊరకుండి, ఏ వరుసలో కుట్టవలెనని అడిగెను. రెండవ వరుసలో నడుమ కుట్టుమంటిని.